ఊరికి ఒక నర్సు కావాలంటే: బెంగళూరు తెలుగువాళ్ల కోసం చందా నుంచి డ్యూటీ దాకా సమగ్ర మార్గదర్శి

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు వాళ్లు ఉంటారు. ఉగాదికి నలుగురు ఒకచోట చేరితే ఊరికి ఏదైనా చేద్దామన్న మాట రాకుండా ఉండదు. బడికి బెంచీలు, గుడికి రంగులు, లేదంటే ఒక మెడికల్ క్యాంపు. క్యాంపు మంచిదే. కానీ పొద్దున వచ్చిన డాక్టర్లు బీపీ చూసి, మాత్రలిచ్చి, సాయంత్రానికి బండి ఎక్కేస్తారు. నెల తిరిగేసరికి ఆ మాత్రలు అయిపోతాయి. మళ్లీ బీపీ చూసి, మాత్రలు వేసుకుంటున్నారా లేదా అని అడిగే మనిషి ఊళ్లో ఉండాలి. అలాంటి మనిషిని చదివించి, ఉద్యోగంలో పెట్టి, అక్కడే నిలిచేలా చేయడానికి డబ్బు ఎలా సమకూర్చాలో, ఎక్కడ ఖర్చుపెట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. కాలేజీ ఫీజుకి చందా పుట్టడం పెద్ద కష్టం కాదు. "పేదింటి అమ్మాయిని నర్సు చదివిద్దాం" అంటే పది చేతులు లేస్తాయి. చదువైపోయాక మొదటి రెండేళ్లు జీతానికి తోడు వేయడానికి, గది అద్దెకి, పెద్ద నర్సు ఒకరు వచ్చి చూసి వెళ్లడానికి డబ్బు కావాలంటే అందరూ ఫోన్ చూసుకుంటారు. ఊరికి నర్సు దక్కేదీ దక్కనిదీ తేలేది మాత్రం ఆ రెండేళ్లలోనే. ఫీజు మాత్రమే కట్టి ఊరుకుంటే మీరు బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రికి ఒక మంచి నర్సును తయారుచేసి ఇచ్చినట్టు. ఆ అమ్మాయికి మేలు జరుగుతుంది, సంతోషమే. ఊరికి మాత్రం ఏమీ దక్కదు.

1. ముందు ఉద్యోగం, తర్వాత ఫీజు

పని మొదలుపెట్టాల్సింది అమ్మాయిని వెతకడంతో కాదు, ఆమెకు రేపు ఉద్యోగం ఇచ్చే తావును వెతకడంతో.

ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి ఒక సబ్ సెంటర్ (ఊరి స్థాయి ఆరోగ్య ఉపకేంద్రం), 30,000కి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో అయితే 3,000కి, 20,000కి. ఇంచుమించు 1,000 మందికి ఒక ఆశా కార్యకర్త. మీ మండలంలో ఏ పోస్టులో మనిషి ఉన్నారో, ఏది ఖాళీగా ఉందో పీహెచ్‌సీకి వెళ్లి అడిగితే చెబుతారు. అది ఒక కాగితం మీద రాసుకోండి. ఖాళీ ఉన్నంత మాత్రాన మీరు మనిషిని పెట్టలేరు. ప్రభుత్వ పోస్టు నోటిఫికేషన్‌తోనే నిండుతుంది. "లక్ష ఇస్తే సబ్ సెంటర్‌లో వేయిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. పీహెచ్‌సీకి సాయం చేయాలనుకుంటే ఆంధ్రలో ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ, కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి ఉన్నాయి. వాటి ఖాతాకే రసీదుతో ఇవ్వండి.

మీ డబ్బుతో మనిషిని నిలబెట్టగలిగేది ధర్మాసుపత్రుల్లో, ట్రస్టు ఆసుపత్రుల్లో. రాయలసీమలో వీటికి పాత చరిత్రే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో క్షయ శానటోరియంగా మొదలైంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనంతపురం వైపు బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి నడుపుతోంది. కర్ణాటకలో డాక్టర్ సుదర్శన్ గారి కరుణా ట్రస్ట్ 1996లో యళందూరు తాలూకా గుంబళ్లి పీహెచ్‌సీని ప్రభుత్వ ఒప్పందంతో నడపడం మొదలుపెట్టింది. ఇంత పెద్దవే కానక్కర్లేదు. ఇరవై ముప్పై పడకల చిన్న ఆసుపత్రి అయినా చాలు, పదేళ్లుగా తలుపు మూయకుండా నడుస్తూ ఉంటే.

అలాంటి ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం తీసుకోండి. ఏ పోస్టు, ఎంత జీతం, గది ఇస్తారా, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు, చదువై నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాగానే తీసుకుంటారా అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఈ ఉత్తరం చేతికి రాకుండా ఒక్క రూపాయి చందా కూడా అడగవద్దని నా సలహా.

బెంగళూరులో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. ఊరంటే ఆంధ్రలోనే ఉండాలని లేదు. బాగేపల్లి, గౌరీబిదనూరు, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు, పావగడ తాలూకాల్లో ఎన్నో ఊళ్లలో ఇంట్లో మాట తెలుగే, బడి కన్నడం. ఆ పిల్లలకు రెండు భాషలూ వచ్చు. బెంగళూరులో చదివితే కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తోనే అక్కడ పనిచేయవచ్చు. మీరు ఆదివారం పొద్దున బయల్దేరి చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడమే తేలిక.

2. ఏ చదువు?

డాక్టరుతో మొదలుపెట్టవద్దు. కేంద్రం 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో, అంటే పీహెచ్‌సీకి పై మెట్టు ఆసుపత్రుల్లో, ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం లోటు. అంత లోటును చందాలతో పూడ్చలేం. ఒక డాక్టరును చదివించే ఖర్చుతో కొందరు నర్సులను నిలబెట్టవచ్చు.

ఏఎన్ఎం (కాన్పులు, టీకాలు చూసే సహాయ నర్సు కోర్సు) రెండేళ్లు. ఇంటర్ ఏ గ్రూపు చదివినా సరిపోతుంది, వయసు 17 నుంచి 35 వరకు. ఈ 35 అన్న అంకెను గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెబుతాను. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు. ఇంటర్‌లో ఇంగ్లిష్‌తో పాటు 40 శాతం మార్కులు కావాలి. స్టాఫ్ నర్సు పోస్టుకి ఇది సరిపోతుంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, బైపీసీ వాళ్లకే. దీనితో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లలో (స్థాయి పెంచిన సబ్ సెంటర్లలో) కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుకి దారి ఉంటుంది. ఆంధ్రలో ఈ పోస్టునే ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. అయితే బీఎస్సీ చేసినవాళ్లకి నగరంలో, విదేశాల్లో గిరాకీ ఎక్కువ. ఊళ్లో ఉండాలన్నది మీ లక్ష్యమైతే ఏఎన్ఎం, జీఎన్ఎం మీదే దృష్టి పెట్టండి. తర్వాత పై చదువుకి సాయం చేస్తామని చెప్పండి, ఆ ఆశ ఉంటే మనిషి నిలుస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా కూడా మంచి ఎంపికే, దానికి పారామెడికల్ బోర్డు గుర్తింపు చూసుకోవాలి.

ఆరు నెలల "నర్సింగ్ అసిస్టెంట్" కోర్సుల విషయంలో జాగ్రత్త. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనేది మర్యాదైన పని, మంచం పట్టినవాళ్లను చూసుకోవడానికి చాలా అవసరం. కానీ అది చేసినవాళ్లు నర్సులు కారు, కౌన్సిల్‌లో రిజిస్టర్ కాలేరు. ఈ తేడా ఇంట్లోవాళ్లకి విడమరిచి చెప్పకుండా చేర్పిస్తే అది మోసమే అవుతుంది. పైగా గ్రామీణ యువతకి ఇలాంటి కోర్సులు డీడీయూ-జీకేవై లాంటి ప్రభుత్వ పథకాల్లో ఉచితంగానే దొరుకుతాయి.

3. లెక్క వేయడం

ఒక జీఎన్ఎం విద్యార్థికి లెక్క ఎలా వేయాలో చూపిస్తాను. అంకెలు ఉదాహరణకి మాత్రమే. మీ కాలేజీ, మీ ఆసుపత్రి చెప్పిన అంకెలు వాటి తావులో పెట్టుకోండి.

ట్యూషన్ ఏడాదికి 70,000 అనుకుంటే మూడేళ్లకి 2,10,000. హాస్టల్, మెస్ నెలకి 6,000 చొప్పున 36 నెలలకి 2,16,000. యూనిఫాం, తెల్ల బూట్లు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఏడాదికి 20,000, అంటే 60,000. చేతిఖర్చు, ఇంటికి వెళ్లి రావడానికి బస్సు చార్జీలు నెలకి 1,500, అంటే 54,000. చివర్లో రిజిస్ట్రేషన్ ఖర్చులకి 10,000. మొత్తం 5,50,000.

చాలామంది లెక్క ఇక్కడ ఆపేస్తారు. అసలు లెక్క ఇప్పుడు మొదలవుతుంది. ఆసుపత్రి 15,000 జీతం ఇస్తే మొదటి ఏడాది మీరు నెలకి 6,000, రెండో ఏడాది 3,000 కలిపితే 1,08,000. గది అద్దెకి నెలకి 2,500 చొప్పున రెండేళ్లకి 60,000. అనుభవమున్న నర్సు నెలకోసారి వచ్చి పని చూసి, నేర్పి వెళ్లడానికి 2,000 చొప్పున 48,000. గ్యాస్ స్టవ్, మంచం, ఫ్యాన్ లాంటి మొదటి సామానుకి 15,000. ఇవన్నీ 2,31,000. రెండూ కలిపితే 7,81,000. ఫీజులు పెరగకుండా ఉండవు, జబ్బూ జలుబూ రాకుండా ఉండవు, అందుకని పది శాతం చేర్చండి. దాదాపు 8,60,000.

ఐదేళ్లకి, అంటే 60 నెలలకి భాగిస్తే నెలకి 14,300 పైచిలుకు. నెలకి వెయ్యి ఇచ్చే 15 ఇళ్లుంటే ఒక నర్సు. ఈ మాట మీటింగులో చెప్పండి. లక్షల్లో అడిగితే భయపడేవాళ్లు వెయ్యి అనగానే ఆలోచిస్తారు. ఒకేసారి పాతికవేలు ఇచ్చి మరిచిపోయే దాత కన్నా ఐదేళ్లు నెలనెలా వెయ్యి ఇచ్చే ఇల్లే మీకు ముఖ్యం. బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టించండి. నెలనెలా అడిగి వసూలు చేసే పద్ధతిలో స్నేహాలు చెడతాయి.

ఈ లెక్కలోంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులను తీసేయడం మరచిపోవద్దు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉన్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. బీసీ, మైనారిటీ పథకాలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఆంధ్ర పిల్లని బెంగళూరులో చదివిస్తే ఏ పథకం వర్తిస్తుందో, ఏది వర్తించదో చేర్పించక ముందే సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. చాలాసార్లు సొంత జిల్లాలో మంచి కాలేజీ ఉంటే అక్కడే చదివించడం చవక. ప్రభుత్వం ఇచ్చేది వదిలేసి చందాదారుల డబ్బు కట్టడం న్యాయం కాదు.

4. డబ్బు ఎక్కడి నుంచి

నెలవారీ ఇళ్ల గురించి చెప్పాను. బెంగళూరులో ఉన్నందుకు రెండో పెద్ద అవకాశం కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ఆరోగ్యం, వృత్తి విద్య రెండూ ఆ జాబితాలో ఉన్నవే.

మీరు పనిచేసే కంపెనీలోనే మొదలుపెట్టండి. సీఎస్ఆర్ టీమ్ అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. డబ్బు తీసుకునే సంస్థకి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి, కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. కంపెనీ ఉద్యోగుల కుటుంబాలకే పరిమితమైన పని సీఎస్ఆర్ కిందికి రాదు. చట్టంలోనే ఇంకో వాక్యం ఉంది: కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని. బెంగళూరు కంపెనీ ముందు హిందూపురం కన్నా బాగేపల్లి ప్రతిపాదన తేలిగ్గా నిలబడేది అందుకే.

సీఎస్ఆర్‌లో బహుళ సంవత్సరాల ప్రాజెక్టుని మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు నడపవచ్చు. అంటే చదువు మొత్తం అందులో సరిపోతుంది, తర్వాతి రెండేళ్లు సరిపోవు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది: ఫీజు, హాస్టల్ భారం కంపెనీ డబ్బు మీద వేయండి, ఇళ్ల నుంచి వచ్చే నెలవారీ డబ్బును ఉద్యోగంలో చేరాక వచ్చే రెండేళ్ల కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో దాచండి. దాన్ని వేరే ఖాతాలో పెట్టండి. ఒకే ఖాతాలో ఉంటే ఫీజు గడువు వచ్చిన ప్రతిసారీ చేయి అటే పోతుంది.

ఉద్యోగులు ఇచ్చినంతే కంపెనీ కూడా కలిపే పథకాలు చాలా ఐటీ కంపెనీల్లో ఉన్నాయి. హెచ్ఆర్‌ని అడగండి.

అమెరికాలో ఉన్న తమ్ముడో, వదినో డబ్బు పంపుతామంటారు. ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలో దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వకూడదు కూడా. కాబట్టి విదేశం నుంచి వచ్చే ప్రతి విరాళానికి పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. "మనవాళ్లే కదా" అని వదిలేస్తే సంస్థ మొత్తం చిక్కుల్లో పడుతుంది.

పన్ను మినహాయింపు గురించి తప్పుడు ఆశ పెట్టవద్దు. 80జీ కింద మామూలుగా సగం మొత్తానికే మినహాయింపు, దానికీ ఆదాయంలో పది శాతం పరిమితి ఉంది. 2,000 దాటిన నగదుకి అది కూడా లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే రాదు. బెంగళూరు ఐటీ ఉద్యోగుల్లో చాలామంది ఇప్పుడు కొత్త విధానంలోనే ఉన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు, ఫారాల వివరాలు ఆడిటర్‌ని అడిగే రసీదు పుస్తకం అచ్చు వేయించండి.

5. కొత్త ట్రస్టు పెట్టాలా?

మొదటే వద్దు. ట్రస్టు డీడ్, పాన్, 12ఏ, 80జీ, ఏటేటా ఆడిట్... ఈ పనుల్లోనే ఉత్సాహమంతా ఖర్చవుతుంది. పైగా మూడేళ్ల అనుభవం లేనిదే సీఎస్ఆర్ రాదు. ఇప్పటికే నడుస్తున్న మంచి సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, మీ డబ్బుకి వేరే పద్దు రాయమని అడగండి. సంస్థను ఎంచుకునేటప్పుడు గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు చూడండి. చూపించడానికి నసిగే సంస్థకి నమస్కారం పెట్టి వచ్చేయండి. డబ్బు ఒకరి వ్యక్తిగత ఖాతాలోకి, ఎంత నమ్మకస్తుడైనా, రానివ్వకండి.

6. ఎవరిని ఎంచుకోవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో, మళ్లీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ముందు వరుసలో ఉన్న మాట ఇదే: పల్లెలో పుట్టి పెరిగినవాళ్లను చదివిస్తే పల్లెలో పనిచేసే అవకాశం ఎక్కువ. మనకి దగ్గర్లోనే దీనికి సాక్ష్యం ఉంది. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో 1993 నుంచి పనిచేస్తున్న డాక్టర్ దంపతులు రెజి జార్జ్, లలిత అక్కడి గిరిజన అమ్మాయిలకే శిక్షణ ఇచ్చి ఆసుపత్రి నడిపారు. నీలగిరి జిల్లా గూడలూరు ఆదివాసీ ఆసుపత్రిలోనూ అంతే, ఆదివాసీ అమ్మాయిలే నర్సులయ్యారు.

కానీ పల్లె పిల్ల అయితే చాలదు. ఇంటర్ అయిన 17 ఏళ్ల అమ్మాయిని చదివిస్తే 21 ఏళ్లకి పెళ్లి చేసి పంపిస్తారు, ఎక్కడికి వెళుతుందో ఎవరికీ తెలియదు. ఆశా కార్యకర్తల ఎంపిక నియమాల్లో పెళ్లయిన, భర్త చనిపోయిన, విడిపోయిన, 25 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న ఆ ఊరి స్త్రీకే ప్రాధాన్యం ఇవ్వాలని రాశారు. ఊరి ఆడపిల్ల వెళ్లిపోతుంది, ఊరి కోడలు ఉంటుంది. ఏఎన్ఎం వయోపరిమితి 35 అని ముందు చెప్పింది ఇందుకే. ఇంటర్ పాసై, ఇద్దరు పిల్లల్ని కని, టైలరింగో కూలో చేసుకుంటున్న 28 ఏళ్ల కోడలు ప్రతి పెద్ద ఊళ్లోనూ దొరుకుతుంది. ఆమెకి హాస్టల్ కుదరకపోవచ్చు, పిల్లల్ని చూసుకోవడానికి అత్తగారికి నెలకింత ఇవ్వాల్సి రావచ్చు. ఇవ్వండి. చందా డబ్బుతో చేసే ఖర్చుల్లో ఇంత అక్కరకొచ్చేది ఇంకోటి లేదు. ఇద్దరు కుర్ర విద్యార్థులకి ఒక కోడలు చొప్పున ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

ఎంపిక బెంగళూరులో జూమ్ కాల్‌లో చేయవద్దు. ఇంటికి వెళ్లండి. గుమ్మం ముందు చాప వేసి కూర్చోబెట్టి టీ ఇస్తారు. అమ్మాయి తలవంచుకుని అన్నిటికీ "సరే మేడమ్" అంటుంది. అసలు ప్రశ్నలు అడిగేది తల్లి. "రాత్రి డ్యూటీ ఉంటుందా అక్కా? హాస్టల్లో ఆడమనిషి ఉంటుందా చూసుకునేదానికి? మధ్యలో మంచి సంబంధం వస్తే ఎట్ల?" ఈ మూడింటికీ నిజం చెప్పండి. రాత్రి డ్యూటీ ఉంటుంది. అది ఇద్దరు కలిసి చేసేలా చూస్తామని మాటివ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే ఇవ్వవద్దు. పెళ్లికి మేం అడ్డం కాదు, చదువు అయ్యేదాకా ఆగమని అడుగుతాం అని చెప్పండి. తండ్రి మాట్లాడకుండా లేచి పోతే మళ్లీ ఒకసారి వెళ్లండి. ఆయన ఒప్పుకోకుండా చేర్పించిన చదువు మొదటి పండక్కే ఆగిపోతుంది.

కులం సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. కొన్ని ఊళ్లలో నర్సు ఎవరింటి మనిషి అన్నదాన్ని బట్టి కొందరు రారు, కొందరు ఇంట్లోకి రానివ్వరు. అందుకని ఎస్సీ కాలనీ పిల్లని, తండా పిల్లని పక్కన పెట్టడం తప్పు. ఆసుపత్రి యాజమాన్యం ఆమె వెనుక గట్టిగా నిలబడుతుందా అని ముందే తేల్చుకోవడం సరైన పద్ధతి.

ఎంపికైన అమ్మాయి ఫోటో పెట్టి, కన్నీటి కథ రాసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. రేపు ఆమె అదే ఊళ్లో యూనిఫాం వేసుకుని తలెత్తుకుని తిరగాలి.

7. కాలేజీ

బెంగళూరులో నర్సింగ్ కాలేజీలకి కొదవ లేదు, బ్రోకర్లకి అంతకన్నా కొదవ లేదు. "ఫీజు లేదు, స్కాలర్‌షిప్ మేమే చూసుకుంటాం, సర్టిఫికెట్లు ఇచ్చేయండి" అనే మనిషిని దగ్గరికి రానివ్వకండి. బీఎస్సీ అయితే రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అనుబంధం, జీఎన్ఎం అయితే రాష్ట్ర డిప్లొమా నర్సింగ్ పరీక్షా బోర్డు, రెండింటికీ కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు చూడండి. ఆంధ్రలో పనిచేయబోతుంటే, ఈ కాలేజీ సర్టిఫికెట్‌తో రిజిస్ట్రేషన్ బదిలీ చేస్తారా అని ఆంధ్రప్రదేశ్ నర్సుల కౌన్సిల్‌ని ముందే రాతపూర్వకంగా అడగండి.

జీఎన్ఎం, బీఎస్సీ కాలేజీకి కనీసం వంద పడకల అనుబంధ ఆసుపత్రి ఉండాలి. కాగితం మీద ఉందా, నిజంగా ఉందా అన్నది తెలుసుకోవడం సులభం. ఒక మామూలు పనిరోజు పొద్దున పది గంటలకి ఆ ఆసుపత్రి వార్డుకి వెళ్లండి. మంచాల మీద రోగులున్నారా? యూనిఫాంలో విద్యార్థులున్నారా? వాళ్ల పక్కన నేర్పించే సిస్టర్ ఉన్నారా, లేక వాళ్లే జీతం లేని సిబ్బందిలా పరుగులు తీస్తున్నారా? ఆఖరి ఏడాది చదివే తెలుగు అమ్మాయి ఎవరైనా కనిపిస్తే "నువ్వు ఎన్ని కాన్పులు చూశావమ్మా?" అని అడగండి. ప్రిన్సిపాల్ గదిలో చెప్పనిదంతా ఆ జవాబులో తెలుస్తుంది. తర్వాత హాస్టల్ బాత్రూములు చూడండి.

ఫీజు ఎప్పుడూ కాలేజీ ఖాతాకే, విద్యార్థి పేరు మీద రసీదుతో, ఒక్కో ఏడాదికే కట్టండి. మూడేళ్లది ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. ఆ తగ్గింపు వద్దు.

8. ఒప్పందం

18 ఏళ్లు నిండని అమ్మాయి సంతకం పెట్టిన ఒప్పందం చెల్లదు. కాబట్టి చేరేటప్పుడు తల్లిదండ్రులతో కలిసి ఒక అవగాహన పత్రం రాసుకుని, ఆమెకి 18 నిండాక ఆమెతోనే అసలు ఒప్పందం రాసుకోండి. తెలుగులోనో కన్నడంలోనో, ఆమె చదివి అర్థం చేసుకునే భాషలో ఉండాలి.

ఒప్పంద కాలం రెండేళ్లు చాలు. మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగివ్వాలన్నది పనిచేసిన నెలలను బట్టి తగ్గుతూ రావాలి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, మీరు రాసుకున్న పెద్ద అంకె కాదు. బలవంతంగా పనిలో ఉంచమని ఏ కోర్టూ చెప్పదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఆసుపత్రిని కూడా పెట్టుకోనివ్వవద్దు. జీతం ఆలస్యమైతే, వేధింపు జరిగితే, చెప్పిన గది ఇవ్వకపోతే ఏమీ కట్టకుండా వెళ్లిపోవచ్చని ఒప్పందంలోనే రాయండి. దీనివల్ల ఆసుపత్రి కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది.

9. చదువుకునే కాలం

ప్రతి విద్యార్థికి బృందంలోంచి ఒక అక్క ఉండాలి. వారానికో ఫోన్, నెలకోసారి కలవడం. మొదటి ఏడాది అనాటమీ ఇంగ్లిష్‌లో చదవలేక చాలామంది బెంబేలెత్తుతారు. రిటైరైన టీచరు ఒకరు ఆన్‌లైన్‌లో గంట సేపు చెబితే ఆ టెన్షన్ తగ్గుతుంది. సెలవుల్లో, రేపు పనిచేయబోయే ఆసుపత్రిలోనే రెండు వారాలు ఉండేలా చూడండి. అక్కడి సిస్టర్లు పేరు పెట్టి పిలిచే చనువు ముందే ఏర్పడాలి.

10. ఉద్యోగంలో మొదటి రెండేళ్లు

చదువైన వెంటనే రిజిస్ట్రేషన్ పని మొదలుపెట్టండి. కౌన్సిల్ నంబరు రాకుండా నర్సుగా డ్యూటీ చేయించకూడదు. ఆ మధ్యకాలంలో చిన్న భత్యం ఇచ్చి ఆసుపత్రిలో పరిచయం కోసం ఉంచవచ్చు. లేదంటే ఈ ఖాళీలోనే స్నేహితురాలు ఫోన్ చేసి "బెంగళూరు వచ్చేయ్" అంటుంది.

మీరిచ్చే అదనపు జీతం చేతికి ఇవ్వకండి, ఆసుపత్రి జీతం పట్టీలోనే కలపండి. అప్పుడే పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలోకి వస్తుంది, మీ డబ్బు తగ్గినప్పుడు ఆసుపత్రి ఆ మేరకు పెంచాల్సి వస్తుందని ముందే తెలుస్తుంది. ఈఎస్ఐ 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకే వర్తిస్తుంది కాబట్టి ఆ గీత చూసుకుని లెక్క వేయండి.

ఒక తావుకి ఒక్కరినే పంపవద్దు, ఇద్దరిని పంపండి. రాత్రి పన్నెండింటికి రక్తస్రావంతో బాలింత వస్తే పక్కన ఇంకో చేయి ఉండాలి. ఒక్కతే ఉండి, ఆ బాలింతకి ఏమైనా అయితే, చుట్టాలు మీదికొస్తే, ఆ అమ్మాయి మళ్లీ ఆ గుమ్మం తొక్కదు. గదికి లోపలి గడియ గట్టిగా ఉందా, బాత్రూము గదిలోనే ఉందా, ఆసుపత్రి నుంచి గదికి దారిలో దీపం ఉందా అన్నవి మీ బృందంలోని ఆడవాళ్లు వెళ్లి చూడాలి. జీతం పెంచడం కన్నా ఈ మూడూ సరిచేయడం ముందు. వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉందో లేదో, అందులో ఎవరున్నారో పేర్లతో అడగండి.

నెలకోసారి వచ్చే పెద్ద నర్సు కోసం డబ్బు కేటాయించాం కదా. రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంట్లు ఈ పనికి ఎంతో ఇష్టంగా వస్తారు. తప్పులు పట్టడానికి కాదు, పక్కన నిలబడి చేయించడానికి అని ఆమెకి, ఆసుపత్రికి ముందే చెప్పండి.

దాతలకి ఆరు నెలలకోసారి ఒక పేజీ పంపండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరు ఏ ఏడాదిలో ఉన్నారు, ఎవరు వదిలేశారు, ఎందుకు. వదిలేసినవాళ్ల సంగతి దాచిన రిపోర్టు మీద తర్వాత ఎవరికీ నమ్మకం ఉండదు.

11. ఏ నెలలో ఏ పని

రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్, పీయూసీ ఫలితాలు ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి. వెనక్కి లెక్కవేస్తే దసరా తర్వాత ఆసుపత్రుల్ని కలిసి ఉత్తరం తీసుకోవాలి. కంపెనీలు కొత్త ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ఆలోచించేది జనవరి నుంచి, కాబట్టి డిసెంబరుకల్లా ప్రతిపాదన సిద్ధంగా ఉండాలి. సంక్రాంతికి అందరూ ఊళ్లకి వెళతారు కదా, పిల్లల్ని, కోడళ్లని వెతికే పని అప్పుడు పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిలో కాలేజీ వార్డులు చూడటం. ఉగాది కలయికలో 15 ఇళ్ల పేర్లు రాసుకుని, ఆటో డెబిట్ ఫారాలు అక్కడే నింపించడం. ఫలితాలు వచ్చిన వారంలో ఇళ్లకి వెళ్లి మాట్లాడటం. కుల, ఆదాయ సర్టిఫికెట్లకి మీసేవలో, కర్ణాటకలో అయితే నాడ కచేరిలో (హోబళి స్థాయి రెవెన్యూ ఆఫీసులో) దరఖాస్తు ఆ వారమే పెట్టించండి, స్కాలర్‌షిప్ గడువులు వీటి కోసం ఆగవు.